నిండునెలలలో దురద



సీమంతమైన పిమ్మట గర్భిణిని చూడవచ్చిన పెద్దలు ఆమె నడకను, ముఖకాంతిని, కాళ్ళవాపును పరికింతురు. ఆకలి యెట్లున్నది, నిదుర పట్టుచున్నదా యని యడుగుదురు. ఒంటిమీద దురద యున్నదా యని యడుగువారు మాత్రము అరుదు. గర్భిణియు తనంతట తాను చెప్పదు. దురద నలుగురిలో చెప్పుకొనదగిన బాధగా మనవారు ఎంచరు. నొప్పి యన్నచో ఇల్లంతయు కదలును. దురద యన్నచో "అదే పోవునులే" యందురు. ఈ యుపేక్షవలన ఒక్కొక్కప్పుడు ఎంత యాపద వాటిల్లగలదో చెప్పుటకే ఈ మాసమున ఈ విషయమును ఎత్తుకొంటిని.

మా యింటనే రెండు కాన్పులలో రెండు విధముల దురదలు చూచితిమి. ఒకటి నాది, మరియొకటి మా ఆడుబిడ్డది. ఆ రెండింటికిని గల భేదము తెలిసినచో ఈ విషయమున తెలియవలసినదానిలో సగము తెలిసినట్లే.

నాకు తొలిచూలు. తొమ్మిదవ నెల నడచుచుండగా, పొట్టమీద చర్మము సాగి యేర్పడిన చారలలో ఎఱ్ఱని చిన్న పొక్కులు లేచినవి. రెండు దినములలో అవి ఒకదానితో నొకటి కలిసి దద్దులై తొడలకును, పిరుదులకును, చేతులకును ప్రాకినవి. బొడ్డుచుట్టు మాత్రము చర్మము తేటగా నుండెను. చూచినవారెల్లరు బెదరిరి. ఒకరు అమ్మవారు పోసినదనిరి. ఒకరు పురుగు ప్రాకినదనిరి. ఒకరు దిష్టి తీసిరి. ఆ పూటనే నన్ను వైద్యురాలికడకు గొనిపోయిరి. ఆమె చూచి నవ్వి, "ఇది నీకు బాధయే గాని బిడ్డకు భయము లేదమ్మా" యనెను. ఒక పూతమందు వ్రాసియిచ్చెను. కాన్పైన మూడు వారములకు ఆ దద్దుల జాడయైనను లేదు.

మా ఆడుబిడ్డ సంగతి వేరు. ఆమె ఎనిమిదవ నెలలో పురిటికి పుట్టింటికి వచ్చెను. ఒంటిమీద ఒక్క పొక్కైనను లేదు. కాని రాత్రి దీపములార్పిన పిమ్మట మంచపుపట్టెకు అరికాళ్ళు రాచుకొనుచున్న చప్పుడు నాకు వినబడుచుండెను. అడిగినచో "వేడి చేసినది, వదినా" యనుచుండెను. మా అత్తగారు చలువకని గోరింటాకు నూరి అరికాళ్ళకు పెట్టిరి. మజ్జిగయు, సబ్జాగింజల నీరును త్రాగించిరి. ఒక పూట నెమ్మదించినట్లుండి రాత్రికి మరల అంతయే. పదిదినము లిట్లు గడచెను. కంటికి కనబడునది ఏమియు లేదు గనుక వైద్యునికడకు పోవలెనని మాలో ఎవరికిని తోచలేదు. పదునొకండవనాటి యుదయమున ఆమె పక్కదుప్పటిమీద నెత్తుటి మరకలు చూచితిని. గోకుకొనగా గోకుకొనగా మడమలు చిట్లినవి. ఆ దినముననే వెంటబెట్టుకొని పోతిని.

నా దద్దులు చూచి నవ్విన వైద్యురాలే మా ఆడుబిడ్డ చేతులను వెలుతురున త్రిప్పి చూచి, దద్దు లేదని గ్రహించినంతనే గంభీరురాలయ్యెను. రక్తము తీయించి పరీక్షకు పంపెను. కాలేయమునుండి ప్రేగులలోనికి పోవలసిన పైత్యరసము రక్తమున నిలిచిపోవుచున్నదని తేలెను. పైత్యామ్లముల లెక్క లీటరునకు 62 మైక్రోమోల్‌లు. అటుపిమ్మట వారమువారము రక్తపరీక్ష చేసి, 38 వారములు నిండినంతనే నొప్పులు తెప్పించి కాన్పు చేసిరి. ఆడపిల్ల, తల్లియు బిడ్డయు సుఖముగా నున్నారు. "ఈ లెక్క నూరు దాటియుండినచో ఇంకను ముందుగానే తొందరపడవలసియుండును. పరీక్ష చేయనిదే లెక్క ఎంతయో ఎవరికి తెలియును?" అని వైద్యురాలు నాతో ననెను. ఆ మాట నా మనస్సున నాటుకొన్నది. కనబడు దురదకు మేము పరుగెత్తితిమి. కనబడని దురదను గోరింటాకుతో కప్పితిమి.

ముందుగా చూడవలసినవి

కావున గర్భిణి దురద యన్నప్పుడు మందునకై వెదకుటకు ముందు చర్మమును చూడవలెను. పగటి వెలుతురున, తలుపు మూసికొని, ఇంటిలోని స్త్రీ యెవరైనను శ్రద్ధగా చూడవచ్చును. పొట్టమీది చారలు, బొడ్డుచుట్టు, మోచేతి మడతలు, మోకాళ్ళ వెనుక, వ్రేళ్ళ సందులు, అరచేతులు, అరికాళ్ళు, కంటి తెల్లగ్రుడ్డు, ఇన్నియు చూడవలెను. పిమ్మట నాలుగు ప్రశ్నలు వేయవలెను. దురద ఎచ్చట మొదలైనది? పగలు హెచ్చా, రాత్రి హెచ్చా? ఇంటిలో మరెవరికైనను దురద యున్నదా? చిన్నతనమున ఇట్టిది వచ్చినదా?

గోటి గీతలను చూచి దద్దులని భ్రమపడరాదు. గోకుటచేత కలిగిన గీతలును, పెచ్చులును చేయి అందుచోటనే యుండును. చేయి అందని నడివీపు తేటగా నుండును. అట్లున్నచో దద్దు లేదని యెంచి, తక్కిన విషయమును జాగ్రత్తగా విచారింపవలెను.

దద్దులున్న దురద

నాకు వచ్చినది వీనిలో మొదటిది. ఇది సుమారు 160 నుండి 200 మంది గర్భిణులలో ఒకరికి వచ్చునని వైద్యులు చెప్పుదురు. హెచ్చుగా తొలికాన్పున, కడపటి వారములలో, ఒక్కొక్కప్పుడు కాన్పైన వెంటనే వచ్చును. కవలలున్న గర్భమున మరింత హెచ్చు. చర్మము త్వరగా సాగుటయే ఇందుకు కారణము కావచ్చునందురు. 1979లో అమెరికా వైద్యులు దీనిని ప్రత్యేకవ్యాధిగా వర్ణించిరి. పొట్టమీది చారలలో మొదలగుట, బొడ్డును విడిచిపెట్టుట దీని గుర్తులు. ముఖమునకును, అరచేతులకును సాధారణముగా రాదు. బిడ్డకు హాని లేదు. కాన్పు తరువాత కొలది వారములలో తనంతట పోవును. రెండవ కాన్పున మరల వచ్చుట అరుదు.

రెండవది, చిన్ననాటినుండి పొడిచర్మము గలవారికిని, ఉబ్బసము, తుమ్ములు మొదలగునవి గల కుటుంబములవారికిని వచ్చునది. గర్భిణులకు వచ్చు దద్దులలో ఇదియే మిక్కిలి సాధారణము. తఱచుగా ఆరవ నెల నిండకమునుపే మొదలగును. మోచేతి మడతలు, మోకాళ్ళ వెనుక, మెడ, రొమ్ము దీనికి స్థానములు. దీనివలనను బిడ్డకు భయము లేదు.

మూడవది అరుదైనది, గాని మఱవరానిది. ఇది బొడ్డుచుట్టునే మొదలగును. తొలుత దద్దులుగా నుండి, పిమ్మట నీటితో బిగిసిన బొబ్బలగును. శరీరము తన చర్మముమీద తానే తిరుగబడుటచేత ఇది కలుగును. ఇందు బిడ్డ బరువు తగ్గుటకును, నెలలు నిండకమునుపే కాన్పగుటకును అవకాశము గలదు. కావున బొడ్డువద్ద మొదలైన దద్దులను, ఎచ్చటనైనను లేచిన బొబ్బలను చూచినచో ఆలస్యము చేయక చర్మవైద్యునికి చూపవలెను.

ఇవిగాక గర్భముతో సంబంధము లేని దురదలును గలవు. వ్రేళ్ళసందులలో పొక్కులు లేచి, ఇంటిలో ఇంకొకరికిని రాత్రులు దురద యున్నచో అది గజ్జి యగును. దీనికి గర్భిణులకు సయితము వైద్యులు పెర్మెత్రిన్ 5 శాతము పూతను ఇత్తురు. ఇంటిల్లిపాదియు ఒకే రాత్రి పూసికొని, పక్కబట్టలు వేడినీట నుతికింపనిదే అది పోదు. గజ్జలలోను, నడుముచుట్టును అంచు కట్టిన చక్రములవలె నున్నచో తామర. వేసవిని మెడమీదను, వీపునను లేచునవి చెమటకాయలు. గాలియు చల్లని స్నానమును వానికి మందు. జ్వరముతో గూడి నీటిపొక్కులు లేచినచో ఆటలమ్మ కావచ్చును. నిండునెలలలో అది తల్లికిని బిడ్డకును ప్రమాదకరము. వెంటనే వైద్యునికి ఫోనుచేసి, తక్కిన గర్భిణులు కూర్చుండు గదిలోనికి పోకుండ వేఱుగా చూపించుకొనవలెను.

దద్దులు లేని దురద

ఇక ముఖ్యమైన విషయమునకు వత్తును. దద్దు లేక, పొక్కు లేక, అరచేతులలోను అరికాళ్ళలోను మొదలై, రాత్రులు హెచ్చి నిదుర పట్టనీయని దురద ఏడవ నెల తరువాత వచ్చినచో అది చర్మవ్యాధి కాదు, కాలేయమునకు సంబంధించినది కావచ్చును. మనము తిన్న క్రొవ్వును జీర్ణింపజేయుటకు కాలేయము పైత్యరసమును చేసి ప్రేగులలోనికి పంపును. నిండునెలలలో శరీరమున హెచ్చిన గర్భసంబంధమైన రసములు కొందఱు స్త్రీలలో ఈ ప్రవాహమును మందగింపజేయును. అప్పుడు పైత్యామ్లములు రక్తమున చేరి దురద పుట్టించును. మూత్రము ముదురుపసుపుగా నగుట, మలము తెల్లబారుట, కన్నులు పచ్చబడుట కొందఱికి కలుగును, పెక్కుమందికి కలుగవు. కావున కామెర్లు లేవుగదా యని యూరకుండరాదు.

ఇది కుటుంబములలో వచ్చునది. తల్లికో, అక్కచెల్లెండ్రకో వచ్చియున్నచో మనకును వచ్చుట కవకాశము హెచ్చు. ఇంగ్లండులో 1000 మంది గర్భిణులకు 7గురిలో ఇది కానవచ్చుచుండగా, అచ్చటనే నివసించు భారత, పాకిస్థాన్ సంతతి స్త్రీలలో 1000కి 12 నుండి 15 మందికి కలదని అచ్చటి ప్రసూతివైద్యుల సంఘము తెలిపినది. మన స్త్రీలు దీనిని తెలిసికొనవలసిన యావశ్యకత ఇందువలననే స్పష్టమగుచున్నది.

తల్లికి ఇది బాధ మాత్రమే, ఆపద బిడ్డకు. పైత్యామ్లములు మిక్కిలి హెచ్చినప్పుడు అవి బిడ్డ గుండెలయను చెఱుపునని వైద్యుల యభిప్రాయము. అనేక దేశముల స్త్రీల వివరములను జోడించి 2019లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన పరిశోధన ఈ లెక్కను తేటపఱచినది. ఒక్క బిడ్డ గల గర్భములలో, పైత్యామ్లములు 40కి లోబడియున్నచో బిడ్డ కడుపులోనే మరణించుట 1000కి ఒకటి రెండింటిని మించలేదు. 40 నుండి 99 వఱకు నున్నచో 1000కి 3గురు. 100 గాని అంతకు మించి గాని యున్నచో 1000కి 34గురు. ఈ లెక్కను చదివి భయపడవలదు. హెచ్చుమందికి లెక్క 100కి చాల దిగువనే యుండును. కాని మనది ఏ తరగతియో రక్తపరీక్షయే చెప్పగలదు.

కావున వైద్యునికడ అడుగవలసినవి రెండు పరీక్షలు: పైత్యామ్లముల పరీక్ష, దీనిని ప్రయోగశాలలలో బైల్ యాసిడ్స్ అందురు; కాలేయపు పనిని తెలుపు పరీక్ష. వీనికి ఉపవాస మక్కఱలేదు. ఒక ముఖ్యవిషయము: కొందఱికి దురద ముందు వచ్చి, రక్తమున మార్పు కొన్ని వారములకు గాని కానరాదు. తొలిపరీక్ష బాగుగా నున్నను దురద తగ్గనిచో ఒకటి రెండు వారములకు మరల చేయింపవలెను. "ఒకసారి చేయించితిమి గదా" యని విడువరాదు.

కాన్పు ఎప్పుడు చేయవలెనో వైద్యులు ఈ లెక్కనుబట్టియే నిర్ణయింతురు. 2022లో ఇంగ్లండు ప్రసూతివైద్యుల సంఘము చేసిన సూచనలనుబట్టి, లెక్క 19కిని 39కిని నడుమ నున్నచో 40 వారములవఱకు ఆగవచ్చును. 40 నుండి 99 వఱకైనచో 38, 39 వారముల నడుమ. 100కి మించినచో 35, 36 వారములకే కాన్పు చేయుట మేలు. అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లమను మాత్ర నిత్తురు. అది కొందఱికి దురదను కొంచెము తగ్గించును. కాని 605 మంది స్త్రీలతో ఇంగ్లండు, వేల్సులలో జరిపి 2019లో ప్రకటించిన పరిశోధనలో, ఆ మాత్రవలన బిడ్డ కాపదలు తగ్గినట్లు తేలలేదు. కనుక మాత్ర వేసికొనుచున్నామని పరీక్షలు మానరాదు.

బిడ్డ కదలిక ఎప్పటికంటె తగ్గినట్లు తోచినచో తెల్లవారువఱకు ఆగక ఆ గడియనే ఆసుపత్రికి పోవలెను. దురదతోపాటు తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబాఱుట, పొట్ట పైభాగమున నొప్పి, ఆగని వాంతులు, కామెర్లు వీనిలో ఏది కలిగినను అట్లే చేయవలెను.

పూర్వగ్రంథముల మాట

ఈ దురద మన ప్రాచీనులెఱుగనిది కాదు. చరకసంహిత శారీరస్థానమున ఎనిమిదవ యధ్యాయములో దీని ప్రసక్తి గలదు. ఏడవ మాసమున బిడ్డకు వెంట్రుకలు మొలచుటచే తల్లికి మంట పుట్టునని స్త్రీలు చెప్పుకొందురనియు, అది నిజము కాదని ఆత్రేయుడు త్రోసిపుచ్చెననియు అందు గలదు. గర్భము ఒత్తుటచే దోషములు రొమ్మునకు చేరి మంటను, మంటవలన దురదను, దురదవలన కిక్కిసమను చర్మవికారమును కలిగించునని ఆయన సిద్ధాంతము. అంత పూర్వమే గ్రంథకర్త ఖండించిన వెంట్రుకల కథను నేటికిని మన వీధియరుగులమీద నేను వినుచునే యున్నాను!

ఆ గ్రంథములోనే గోకవలదనియు, గోకినచో చర్మము చిట్లి వికారమగుననియు, ఓర్వలేనిచో చేతితో మెల్లగా మర్దించుకొనవలెననియు చెప్పబడినది. చందనమును, తామరతూండ్లను నూరి పూయుట అందలి చికిత్సలలో నొకటి. గోకవలదన్న యుపదేశము నేటికిని శిరసావహింపదగినది. కాని అందు చెప్పిన యోషధులలో కరవీరము, అనగా గన్నేరు, విషము. పుస్తకము చూచి మనమే కాచి పూసికొనుట తగదు. రక్తమున పైత్యామ్లములను కొలుచుట ఆ కాలమున లేదు, నేడు గలదు. పెద్దల మాటను గౌరవించుచునే ఈ కాలపు మేలును గైకొనవలెను.

ఉపశమనము

దురద ఏ విధమైనదైనను తల్లికి కొంత సుఖము కలిగించు నుపాయములు గలవు.

స్నానమునకు మరుగునీళ్ళు వలదు. గోరువెచ్చనివో, చల్లనివో చాలును. వేడినీళ్ళు పోసికొన్న క్షణమున హాయిగా నుండును గాని చర్మము ఎండి గడియ గడవకమునుపే దురద ఇనుమడించును. ఎక్కువసేపు నీళ్ళలో నుండరాదు. సున్నిపిండితో గట్టిగా నలుగు పెట్టుట ఈ దినములలో మానవలెను. వాసనసబ్బులు తగ్గింపవలెను.

ఒళ్ళు తడి పూర్తిగా ఆరకమునుపే వాసన కలుపని కొబ్బరినూనె గాని, మెత్తని లేపనము గాని పట్టించినచో తేమ చర్మమున నిలుచును. దినమునకు రెండు మూడు మారులు పూయవచ్చును. కాలమైన్ పూత దద్దులకు చల్లదనమిచ్చును. దురద తీవ్రమైనప్పుడు చల్లనినీట ముంచి పిండిన నూలుగుడ్డను ఆ చోట పది నిమిషములు వేసియుంచుట మేలు. మంచుగడ్డను నేరుగా చర్మమునకు తాకింపరాదు.

నూలుచీరలు, వదులైన రవికెలు కట్టవలెను. పట్టు, నైలాను, పాలియెస్టరు ఈ దినములకు తగవు. గోళ్ళు పొట్టిగా కత్తిరించి, రాత్రి పరుండునప్పుడు పలుచని నూలుతొడుగులు చేతులకు వేసికొన్నచో నిదురలో గీరుకొనుట తప్పును. గాలి యాడు చోట పక్క వేయవలెను.

వీనితో తగ్గనిచో వైద్యులు సెటిరిజిన్, లోరాటడిన్ వంటి మాత్రలను, దద్దులకు తేలికపాటి స్టెరాయిడు పూతలను ఇత్తురు. గర్భిణులకు ఇవి చాలకాలమునుండి వాడుకలో నున్నవి. కాని ఎంత, ఎన్ని దినములు అనునది వైద్యుని మాటమీదనే యుండవలెను.

చేయరానివి

కొబ్బరినూనెలో కర్పూరము కరగించి పూయుట మన యిండ్లలో పరిపాటి. కర్పూరము కడుపులోనికి పోయినచో విషము. గోకి చిట్లిన చర్మముగుండ శరీరములోని కింకగలదు. కావున గర్భిణికి పూయవలదు. వేపాకు వేసిన నీళ్ళు స్నానమునకు మంచివే, గాని వేపరసమును, వేపనూనెను లోనికి పుచ్చుకొనరాదు. ఊరుపేరు లేని భస్మములను, రక్తశుద్ధి యని యమ్ము పొడులను ముట్టరాదు. కొన్నింట సీసము, పాదరసము ఉండును.

ఇంటి గోరింటాకువలన హాని లేదు, గాని అరచేతుల, అరికాళ్ళ రంగు మార్చి వైద్యుని కంటికి అడ్డగును. త్వరగా నల్లగా పండునని అంగడిలో నమ్ము కొన్ని కోనులలో కలుపు రంగుమందు బొబ్బలను లేపును; దానిని వర్జింపవలెను.

మందులంగడికి పోయి "దురదకు పూత యిండు" అని అడిగి తెచ్చుకొనుట మిక్కిలి చెడ్డ యలవాటు. తామరకనియు, గజ్జికనియు అమ్ము అనేక మిశ్రమపూతలలో క్లోబెటసాల్ వంటి తీక్ష్ణమైన స్టెరాయిడు ఉండును. పూసినంతసేపు హాయి, మానినంతనే రెట్టింపు వ్యాధి. మన దేశమున తామర మొండివ్యాధిగా మాఱుటకు ఈ పూతలు ముఖ్యకారణములలో నొకటియని చర్మవైద్యులు మొఱపెట్టుచున్నారు.

పథ్యమను పేర గర్భిణి నోరు కట్టరాదు. వంకాయ, గోంగూర, పప్పు, గ్రుడ్డు ఇవియన్నియు మాన్పించి చారునీళ్ళు పోసినచో దురద పోదు. బిడ్డ పోషణము చెడును. ఏదైన నొక వస్తువు తిన్న ప్రతిసారియు దద్దులు లేచుచున్నచో దానినొక్కదానినే మానినచో చాలును.

ఇంటి పెద్దలకు

పురిటికి వచ్చిన పిల్ల తనంతట తాను ఆసుపత్రికి పోదు, మనమే గొనిపోవలెను. ఖర్చునకు జంకువారికి ఒక మాట. 2016నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో గర్భిణులకు వైద్యులు ఉచితముగా పరీక్ష చేయు నేర్పాటు గలదు. మీ యూరి ఆశా కార్యకర్త నడిగినచో ఎచ్చటికి పోవలెనో చెప్పును. కాలేయపరీక్ష పెక్కుచోట్ల దొరకును. పైత్యామ్లముల పరీక్ష పట్టణమునకు పంపవలసి రావచ్చును. అందుచేతనే దినములు వ్యర్థము చేయరాదనుచున్నాను. అరికాళ్ళ దురద మాత్రము 9వ తేదీ వచ్చువఱకు ఆగదగినది కాదు, మరునాడే పోవలెను.

కాన్పు తరువాత ఈ కాలేయపు దురద కొలది దినములలో, హెచ్చుగా కొన్ని వారములలో పోవును. పిల్లకు పాలిచ్చుట కడ్డు లేదు. కాని ఆరు వారములకు మరల రక్తపరీక్ష చేయించి కాలేయము సరియైనదో లేదో చూచుకొనవలెను. మరుసటి గర్భమున మరల వచ్చుట కవకాశము హెచ్చు గనుక, ఆ మాటను మొదటి పరీక్షనాడే వైద్యురాలికి చెప్పవలెను. గర్భము రాకుండుటకు మాత్రలు కోరునప్పుడును చెప్పవలెను. ఆ కాగితములు పెట్టె యడుగున పాఱవేయక భద్రపఱచుడు. మీ చెల్లెండ్రకును, కుమార్తెలకును అవి పనికివచ్చును.

మా అత్తగారు ఇప్పుడు మా వీధిలో ఏ గర్భిణి కనబడినను ముందుగా అడుగు ప్రశ్న యిది: "అమ్మాయీ, రాత్రులు అరికాళ్ళు దురదపెట్టుచున్నవా?" గోరింటాకు నూరిన చేతులే నేడు ఈ ప్రశ్నను ఇంటింటికిని మోయుచున్నవి. మీరును మీ యింట, మీ పొరుగున ఈ ఒక్క ప్రశ్న అడుగ నారంభించినచో ఈ పుటలు వ్రాసినందుకు నాకు ఫలము దక్కినట్లే.